రాజును దించగలిగిన పెద్దలు

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

ఓట్లతో ప్రభుత్వాలు మారే నైజీరియాలో ఇంకా రాజులెందుకని ఫోనులో అడిగావు. లాగోస్‌లో నాతో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది నైరుతి నైజీరియాకు చెందిన యోరుబా జాతి వాళ్లే. తమ ఊరి 'ఒబా', అంటే రాజు, ప్రస్తావన వాళ్ల నోట తరచూ వస్తూనే ఉంటుంది.

ఒబాకు ఇప్పుడు సైన్యం లేదు, చట్టం చేసే హక్కు లేదు. 1999 నాటి రాజ్యాంగం ఆయనకు ఏ అధికారమూ ఇవ్వలేదు. ఆయన ఎంపికను ఆమోదించి రాజదండం అందించేది కూడా రాష్ట్ర ప్రభుత్వమే. అయినా భూమి తగాదా వస్తే ఆయన గడప తొక్కేవాళ్లున్నారు. ఆయన ఎదుట మగవాళ్లు సాష్టాంగపడతారు, ఆడవాళ్లు మోకరిల్లుతారు.

కిరీటం చూసి తీరాలి. పొడవుగా, శిఖరంలా ఉంటుంది. ఒళ్లంతా రంగు రంగుల పూసల కుట్టు, పైన పక్షి బొమ్మలు. అంచు నుంచి వేలాడే పూసల సరాలు రాజు ముఖాన్ని కప్పేస్తాయి. ఆ కిరీటం లోపలికి ఆయన కూడా తొంగిచూడకూడదు. మనిషిని మరుగుచేసి పదవిని మాత్రమే నిలబెట్టే ఏర్పాటు అది అనిపిస్తుంది నాకు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది యోరుబాల పాత ఒయో సామ్రాజ్యం. అక్కడి రాజును 'అలాఫిన్' అంటారు. ఆయనను ఎంపిక చేసేది ఒయో మెసి అనే ఏడుగురు పెద్దల సభ, దాని నాయకుడి పదవి పేరు బషోరున్. రాజు హద్దు మీరితే ఖాళీ సొరకాయ బుర్ర గానీ, చిలుక గుడ్లు గానీ పంపేవారు. అవి అందాక రాజు తన ప్రాణం తానే తీసుకోవలసిందే. ఆ పెద్దలు చెలరేగకుండా ఒగ్బోని అనే మరో సంఘం ఉండేది. ఎంత ఆలోచించి కట్టారో చూడు! అయినా 18వ శతాబ్దంలో గాహా అనే బషోరున్ ఒకరి తర్వాత ఒకరుగా రాజులను చావుకు పంపి, పెత్తనమంతా తనే చేశాడు. చివరికి 1774లో అలాఫిన్ అబియోదున్ అతన్ని కూలదోశాడు. అందుకే కాపలా ఉన్నవాళ్ల మీద కూడా కాపలా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ అలాఫిన్ సింహాసనం ఇప్పటికీ ఉంది. దాని మీద 1970 నుంచి ఉన్న మూడవ లమిది అదెయెమి 2022లో కన్నుమూశారు. వారసుడి విషయంలో పెద్దలకూ ప్రభుత్వానికీ పొత్తు కుదరక పీఠం రెండేళ్లకు పైగా ఖాళీగా ఉంది. 2025లో అబింబోలా ఒవోఅదె రాజయ్యారు. ఈ కాలంలోనూ అంత పట్టుదలగా పోట్లాడుకున్నారంటే, ఆ పదవికి ఇంకా ఎంత విలువ ఉందో నువ్వే ఆలోచించు.

మరో యోరుబా నగరం ఇఫే రాజును 'ఊని' అంటారు. పూర్వీకుల నుంచి వచ్చిన 'అరే' కిరీటాన్ని ఆయన ఏడాదికొకసారి, ఒలోజో పండగకే ధరిస్తారు. నీ సెలవులు అప్పటికి కుదిరితే ముందే చెప్పు, ఇద్దరం వెళ్దాం.

ప్రేమతో,
నాన్న