కన్యాశుల్కాన్ని కుదించకుండా ఆడండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మా విజయనగరంలోని ఒక నాటక సమాజం గురజాడ జయంతి అయిన సెప్టెంబరు 21న మొదలుపెట్టి ఉగాది దాకా ఆరు నాటకాలు ప్రదర్శించబోతున్నదని తెలిసి, ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లు తెలుగు పాఠం చెప్పి పదవీ విరమణ చేసిన నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. తొలి నాటకం, ఆడపిల్లలను డబ్బు పుచ్చుకొని పెళ్లి చేసే దురాచారం మీద గురజాడ రాసిన కన్యాశుల్కం. తరవాత తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు, రావిశాస్త్రి ‘నిజం’, గణేశ్ పాత్రో ‘కొడుకు పుట్టాల’, వాటితోపాటు ఇంతవరకు రంగస్థలం ఎక్కని కొత్త నాటకాలు రెండు. నాటకమంటే నాటక పరిషత్తుల పోటీలు జరిగే ఆ నాలుగు రోజులే అనుకునే దశకు వచ్చిన మనకు, ఒక సమాజం బహుమతుల కోసం కాక ప్రేక్షకుణ్ణి నమ్ముకొని ఆరు నెలలపాటు తెర ఎత్తుతాననడం చిన్న విషయం కాదు. వారిని మనసారా అభినందిస్తూ, మీ పత్రిక ద్వారా ఒకే ఒక్క విన్నపం చేసుకుంటున్నాను. కన్యాశుల్కాన్ని రెండు గంటలకు కుదించవద్దు. రెండు సాయంత్రాలు తీసుకొని పూర్తిగా ఆడండి.

ఈ నాటకం పుట్టిందీ, 1892లో జగన్నాథ విలాసినీ సభ వారి ద్వారా మొదటిసారి రంగస్థలం ఎక్కిందీ ఈ ఊళ్లోనే. 1897లో అచ్చయిన ప్రతిని గురజాడ మళ్లీ తిరగరాసి, ఎంతగానో పెంచి 1909లో ప్రచురించారు. ఇవాళ మనం చదువుతున్నది ఆ ఏడంకాల నాటకమే. అది ఒక రాత్రిలో ఇమిడేది కాదు కనక, ఆడినవారిలో చాలామందికి ఎక్కడో ఒకచోట కత్తెర వేయక తప్పలేదు. జె.వి. రమణమూర్తి గిరీశంగా, ఆయన అన్నగారు సోమయాజులు రామప్ప పంతులుగా ఊరూరా తిరిగి ఆడకపోయి ఉంటే చదువుకోని వారి దాకా ఈ నాటకం చేరేదే కాదు. ఆ అన్నదమ్ముల రుణం తీర్చుకోలేనిది. అయితే వారి తరవాత వచ్చినవారు కుదించినదాన్నే ఇంకా కుదిస్తూ పోయారు. ఇప్పుడు చాలా ప్రదర్శనల్లో మిగులుతున్నది గిరీశం చుట్ట, అతని ఇంగ్లీషు, శిష్యుడు వెంకటేశం తెల్లమొహం, వేశ్య మధురవాణి ఇంట్లో సరసం. నవ్వు మిగిలింది, ఆ నవ్వు ఏ దుఃఖం మీద నిలబడి ఉందో ఆ దుఃఖం పోయింది.

కొన్నేళ్ల కిందట అలాంటి ప్రదర్శన ఒకటి చూశాను. హాలంతా పగలబడి నవ్వింది, నేనూ నవ్వాను. గిరీశం చివరి మాట కాగానే తెర పడింది, చప్పట్లు మోగాయి. నా పక్క కుర్చీలో డెబ్బై ఏళ్లు దాటిన ఒక పల్లెటూరి తల్లి, కొంగు చివర ముడి వేసుకున్న చిల్లర డబ్బులు సవరించుకుంటూ లేవబోయి, మళ్లీ కూర్చుని నన్ను అడిగింది: “ఆ పిల్ల ఏటైపోనాది బాబూ?” ఆమె అడిగింది బుచ్చమ్మ గురించి. గిరీశం మాటలు నమ్మి ఇల్లు విడిచిన ఆ బాలవితంతువును చివరికి వకీలు సౌజన్యారావు పంతులు పూనాలోని వితంతు శరణాలయానికి పంపించే ఏర్పాటు చేస్తాడని, ఆ సంగతి ఈ ప్రదర్శనలో లేదని చెప్పాను. “అదే నేకపోతే మరేటి నాటకం” అంది. ఆమె మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

తొలి ముద్రణకు గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠికను ఈ సమాజంలోని నటీనటులందరూ ఒకసారి చదవాలని నా కోరిక. అంతకు పదేళ్ల ముందు విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తయారు చేయిస్తే 1,034 పెళ్లిళ్లు లెక్కకు వచ్చాయని ఆయన అందులో రాశారు. పెళ్లినాటికి ఐదేళ్ల వయసున్న పిల్లలు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ అంకెలు తెలిసిన తరవాత, చిన్న కూతురు సుబ్బిని పద్దెనిమిది వందలకు ముసలి లుబ్ధావధాన్లుకు ఇస్తానని అగ్నిహోత్రావధాన్లు చెప్పే ఘట్టాన్ని కేవలం హాస్యంగా ఆడటం ఎవరి వల్ల అవుతుంది? పెద్ద కూతురు బుచ్చమ్మ బతుకు బుగ్గి కావడం కళ్లారా చూసిన అతని భార్య వెంకమ్మ నూతిలో దూకేది ఆ మాట వినే కదా! సమయం లేదంటూ ముందుగా తీసేస్తున్నది సరిగ్గా ఇలాంటి చోట్లనే. మీనాక్షి సంగతీ అంతే. తండ్రి లుబ్ధావధాన్లు ఇంట్లో చాకిరీ చేస్తూ, పెళ్లాడతానని నమ్మించిన రామప్ప పంతులు చేతిలో మోసపోయే ఆ వితంతువు లేకపోతే, రామప్ప పంతులు ఒట్టి కబుర్లరాయుడిగా మిగిలిపోతాడు. అతడు ఎంత ప్రమాదకరమైన మనిషో ప్రేక్షకుడికి తెలియదు.

పూర్తిగా ఆడితే తక్కిన నాటకాలకూ బలం వస్తుంది. ఆడపిల్లకు వెల కట్టి అమ్మిన కాలం కథ చూసినవారే మరికొన్ని వారాలకు, మగబిడ్డ కావాలన్న ఆరాటం మీద మన పార్వతీపురం ప్రాంతం వాడైన గణేశ్ పాత్రో రాసిన నాటిక చూస్తారు. సౌజన్యారావు లాంటి వకీలును చూసిన కళ్లతోనే, తానూ వకీలై కోర్టుల లోగుట్టు ఎరిగిన రావిశాస్త్రి రచన చూస్తారు. ఈ వరుస నిర్వాహకులు ఆలోచించే కూర్చారనిపిస్తోంది. తొలి నాటకం సగమైతే ఆ ఆలోచన ప్రేక్షకుడి దాకా రాదు. పాండవోద్యోగ విజయాలనే పద్యనాటకం గురించి నేను చెప్పవలసింది లేదు. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణి విన్న ప్రాంతం మాది, పడక సీనుకు వన్స్‌మోర్ కొట్టడం ఎవరూ నేర్పనక్కరలేదు. ఉద్దానం కిడ్నీ రోగుల మీద ఒక యువకుడు రాసిన కొత్త నాటకాన్ని మాత్రం పనిరోజు సాయంత్రం రిహార్సల్ గదిలో ఆడాలనుకుంటున్నట్టు విన్నాను. దానిని కూడా ఆదివారం పెద్ద వేదిక మీదికే తేవాలని కోరుతున్నాను.

రెండు రోజులంటే హాలు అద్దె, లైటింగు, మేకప్ ఖర్చు అన్నీ రెట్టింపవుతాయని నాకు తెలియకపోలేదు. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు రిహార్సల్ చేసే నటులు ఏడంకాలు కంఠస్థం చేయడం కూడా తేలిక కాదు. గంట నాటికలకు అలవాటు పడిన పరిషత్తుల కాలంలో అది మరీ కష్టం. అందుకే ఈ భారం సమాజం ఒక్కదాని మీద వదిలేయకూడదు. జయంతికి పూలదండ వేసే అధికారులు, ప్రజాప్రతినిధులు ఆ రెండు సాయంత్రాల హాలు అద్దె మాఫీ చేయిస్తే చాలు. వ్యాపారస్తులు తలా కొంత వేసుకోవచ్చు. మనం ఉచిత పాసుల కోసం అడగడం మానేసి టికెట్టు కొనాలి. శని, ఆదివారాలకు కలిపి ఒకే టికెట్టు పెట్టి, మొదటి రోజు మూడో అంకం దగ్గర ఆపితే రెండో రోజుకు జనం తప్పక వస్తారని నా నమ్మకం.

నాటకం మొదలయ్యే బొంకులదిబ్బ మీదుగా నేను రోజూ సాయంత్రం నడుస్తాను. ఆ దారిలో నాకు తోడుగా వచ్చే పాత సహోద్యోగులు పదకొండు మంది ఉన్నారు. నిర్వాహకులు రెండు రోజుల ప్రదర్శన అని ప్రకటించిన నాడే పన్నెండు టికెట్ల డబ్బు ముందుగా కట్టడానికి మేమంతా సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
విజయనగరం.