ఒక్క గీత తేడాకి అయిదు నెలలు

సంపాదకులకు నమస్కారం.

ఎగుమతుల కాగితాలు చాలా సులువైపోయాయని తరచూ వింటున్నాం. అది అబద్ధమేం కాదు. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ 2015లోనే తప్పనిసరి పత్రాలను మూడుకు తగ్గించింది. ప్యాకింగ్ లిస్టుతో కలిపిన ఇన్‌వాయిస్ ఒకటి, సరుకు దేశం దాటడానికి కస్టమ్స్‌కు ఇచ్చే షిప్పింగ్ బిల్లు ఒకటి. మూడోది సరుకు మోసేవాళ్లిచ్చే రసీదు: ఓడలో పోతే బిల్ ఆఫ్ లేడింగ్, విమానంలో పోతే ఎయిర్‌వే బిల్లు. కొండపల్లి బొమ్మలు చేసే నాలుగైదు కుటుంబాలకు లెక్కలు రాస్తూ, వాళ్ల సరుకు బయటి దేశాలకు పంపుతున్నవాడిగా చెబుతున్నాను. కాగితాలు మూడే కావచ్చు, వాటి మీద ఏం రాయాలన్న దగ్గరే మా తిప్పలన్నీ.

ముందు కోడ్ సంగతి. ఏ సరుకు పంపినా, అది ఏ రకమో చెప్పే ఎనిమిదంకెల హెచ్‌ఎస్ కోడ్ వేయాలి. మొదటి ఆరంకెలు అన్ని దేశాలకూ ఒకటే. మరి దశావతారాల సెట్‌కు ఏ కోడ్ వేయాలి? మా ఊళ్లో ఎవర్నడిగినా బొమ్మలే అంటారు. బొమ్మలైతే 9503. కొనేవాళ్లు షోకేసులో పెట్టుకుంటారు కదా, చెక్క అలంకార వస్తువు అనుకుంటే 4420. బొమ్మ అన్నామా, పిల్లలకు హాని లేదని పరీక్షలు చేయించారా అని అవతలి దేశంవాళ్లు అడుగుతారు. పోనీ ఎడ్లబండి? దానికి చక్రాలు తిరుగుతాయి! తెల్లపొణికి చెక్క చెక్కి, చింతగింజల పొడి కలిపిన మక్కుతో అతికేవాళ్లు ఇది ఆటకా అందానికా అని ఆలోచించరు. ఆ తేల్చే పని బిల్లు రాసే నా నెత్తిన పడింది. ఈసారి ఒక కోడ్, వచ్చేసారి ఇంకో కోడ్ పడితే, ఒకే సరుకుకు రెండు కోడ్‌లు ఎందుకని మళ్లీ ప్రశ్న.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. జీఎస్టీ కట్టకుండా సరుకు పంపాలంటే ఎల్‌యూటీ అనే హామీపత్రం ఏటా కొత్తగా వేయాలి. ఒక ఏడాది ఏప్రిల్‌లో వేయడం మరిచిపోయాను. తప్పు నాదే. దాంతో పన్ను కట్టి పంపి, తర్వాత వాపసు తీసుకోవాల్సి వచ్చింది. ఈ పద్ధతిలో షిప్పింగ్ బిల్లే వాపసు దరఖాస్తు కింద లెక్క, వేరే అర్జీ అక్కర్లేదు. వినడానికి బాగుంది కదా, నేనూ సంతోషించాను. పన్నెండు అట్టపెట్టెలు శంషాబాద్ నుంచి విమానమెక్కాయి, కొన్నవాళ్లు డబ్బు పంపారు. పన్ను మాత్రం తిరిగి రాలేదు.

రెండు నెలలకు కారణం తెలిసింది. జీఎస్టీ రిటర్న్‌లో నేను వేసిన ఇన్‌వాయిస్ నంబరులో అడ్డగీత ఉంది. షిప్పింగ్ బిల్లు వేసినవాళ్లు దాన్ని ఏటవాలు గీతగా కొట్టారు. పేరు అదే, విలువ అదే, పెట్టెలు అవే. అయినా కంప్యూటర్ దృష్టిలో అవి రెండు వేరువేరు బిల్లులు. దీనికి ఎస్‌బీ005 అని పేరు కూడా ఉంది. జీఎస్టీ వచ్చిన కొత్తలో దేశమంతా ఎగుమతిదారులను ఏడిపించిన తప్పు ఇదే. విమానం వెళ్లిపోయాక షిప్పింగ్ బిల్లులో నంబరు దిద్దడం కుదరదన్నారు. ఈ రెండు నంబర్లూ ఒకే సరుకువి అని ఒక పట్టిక రాసి, రుసుం కట్టి, కస్టమ్స్ అధికారికి ఇస్తే ఆయన తన కంప్యూటర్‌లో ఒప్పుకోవాలి. ఆ అధికారి మర్యాదగానే మాట్లాడారు, ఆయన్ని ఏమీ అనను. కానీ అంతా అయ్యేసరికి అయిదు నెలలు పట్టింది. పెద్ద కంపెనీకి ఆ మొత్తం లెక్కలోకి రాదు. మాకు అది చెక్కకూ రంగులకూ పెట్టే పెట్టుబడి. అప్పట్నుంచి మా ఇన్‌వాయిస్‌ల మీద గీతలు మానేశాం, వట్టి అంకెలే వేస్తున్నాం.

నా ప్రశ్న ఒక్కటే. రెండు నంబర్లూ ప్రభుత్వం కంప్యూటర్లలోనే ఉన్నాయి. కలవలేదని దానికి తెలిసిన రోజే నా ఫోనుకు ఒక మెసేజ్ ఎందుకు పంపదు? గ్యాస్ బండ బుక్ చేస్తే తెలుగులో మెసేజ్ వస్తోంది కదా.

రెండో మాట పోస్టాఫీసుల గురించి. చిన్నవాళ్ల కోసమని 2022 నుంచి పోస్టాఫీసుల్లో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు, అంటే ఎగుమతి కేంద్రాలు, తెరిచారు. మంచి ఆలోచన. అయితే నేను చూసిన ఫారాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, కౌంటర్లో ఉన్నవాళ్లకు పార్శిల్ తూకం వేయడం తెలుసు గానీ కోడ్ గురించి అడిగితే పక్కవాళ్లను చూస్తారు. వాళ్లకు ఎవరూ నేర్పలేదు మరి. పైగా రూల్సు ఒకచోట నిలవవు. 800 డాలర్ల లోపు సరుకుకు సుంకం లేకుండా ఉన్న వెసులుబాటును అమెరికా 2025 ఆగస్టు 29న ఎత్తేసింది. దానికి నాలుగు రోజుల ముందే మన తపాలా శాఖ అమెరికాకు చాలా రకాల పార్శిళ్లు తీసుకోవడం ఆపేసింది, అక్టోబరు 15న గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. మధ్యలో దసరా వెళ్లిపోయింది. బొమ్మల కొలువుకని అక్కడి తెలుగువాళ్లు అడిగే సమయం అదే. ఎప్పుడు తెరుస్తారని మావాళ్లు రోజూ నన్ను అడిగేవారు. నేను ఎవర్నడగాలో నాకు తెలియలేదు.

తపాలా, కస్టమ్స్ శాఖలవాళ్లకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. చేతివృత్తులున్న ఊళ్లకు దగ్గర్లోని ఎగుమతి కేంద్రాల్లో వారానికి ఒక్క రోజైనా ఈ పని తెలిసిన మనిషిని కూర్చోబెట్టండి. మా సరుకు చేత్తో పట్టుకుని చూసి, దీనికి ఈ కోడ్ వేయండి అని తెలుగులో చెప్పి, ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక చిన్న ఎగుమతిదారు,
ఇబ్రహీంపట్నం, ఎన్టీఆర్ జిల్లా