ఎనిమిదో నెంబరు ట్రామూ, మన యానాం పంటూ

ఎదుర్లంక,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సత్తిబాబూ,

నీ ఉత్తరం అందింది. చదివి వినిపిస్తే మీ చెల్లి పగలబడి నవ్వింది. బాసెల్‌లో ఎనిమిదో నెంబరు ట్రామెక్కి, జర్మనీలో వైల్ అమ్ రైన్ అనే ఊళ్ళో దిగి, వారానికి సరిపడా పాలూ కూరలూ కోడిమాంసం కొనుక్కుని మళ్ళీ స్విట్జర్లాండ్ వచ్చేస్తున్నారా! మనిషికి కిలో మాంసమే సుంకం లేకుండా తేనిస్తారని పిల్లలిద్దర్నీ కూడా లాక్కెళ్తున్నారా! "నలుగురం ఎక్కితే నాలుగు కిలోలు" అని చెల్లెమ్మ లెక్క కట్టిందన్నావు చూడు, అక్కడే తెలిసిపోయింది, ఏ దేశంలో ఉన్నా ఆవిడ మండపేట మనిషేనని.

మొదట్లో సిగ్గేసిందని రాశావు. సిగ్గెందుకురా? నువ్వు పుట్టింది గౌతమికి ఇవతలి గట్టున. అవతలి గట్టు యానాం, పుదుచ్చేరి కింద ఉండే ఊరు, అందుకే అక్కడి పన్నులు వేరు. ఏటికి ఆ పక్క సరుకు చవగ్గా ఉందని తెలిస్తే ఇంట్లో కూర్చున్నవాణ్ణి మనవైపు చవట అంటారు తప్ప నిజాయితీపరుడు అనరు.

నాకు మాత్రం ఆ పచ్చ చీటీ సంగతి నోరు తెరిపించింది. కొట్టువాడు చీటీ రాసిచ్చి, సరిహద్దులో జర్మనీ కస్టమ్స్ వాళ్ళు దాని మీద ముద్ర కొడితే, నువ్వు కట్టిన పన్ను నీకు తిరిగి ఇచ్చేస్తారా? తిండి సరుకుల మీద 7 శాతం, మిగతా వాటి మీద 19 శాతం. సరుకు 50 యూరోలు దాటితే చాలు. ముద్ర కోసం జనం బారులు తీరి నిలబడతారు. ఇక్కడ అదే పని చేసేవాడు స్కూటర్ డిక్కీలో సీసా మీద తువ్వాలు కప్పి, దాని మీద తోటకూర కట్ట పెట్టి, ఆంజనేయ దండకం చదువుకుంటూ వారధి దాటతాడు.

అయితే 2025 జనవరి నుంచి మీ వైపు పన్ను లేకుండా తెచ్చుకునే హద్దు 300 ఫ్రాంకుల నుంచి 150కి తగ్గించేశారని కోపంగా రాశావు. నాకు కోపం రాలేదురోయ్. కొట్టు పెట్టుకున్నవాణ్ణి కదా, నా జాలంతా హద్దు పక్కన గల్లాపెట్టె ముందు ఈగలు తోలుకుంటున్న మీ స్విస్ కొట్టువాడి మీదకే పోయింది. జీఎస్టీ రాకముందు, అంటే 2017 జూలైకి ముందు, నేనూ అలాగే తోలుకున్నాను. సబ్బు దగ్గర్నుంచి సిమెంటు దాకా "యానాంలో ఇంతకి రావట్లేదేంటండీ" అనేవాళ్ళు. ఇప్పుడు ఆ మాట పెట్రోలుకీ మందుకీ మిగిలింది, ఆ రెండూ జీఎస్టీలో లేవు కాబట్టి. పెట్రోలు లీటరుకి ఇప్పటికీ పది రూపాయల పైనే తేడా. మన ఊరి కుర్రాళ్ళు ట్యాంకు నింపుకోవడానికి వెళ్ళి, తేడా డబ్బుల్తో అక్కడే బజ్జీలు తిని వస్తారు. లాభం ఎక్కడుందో నాకైతే అంతుపట్టదు.

లాభం అంటే ఫ్రిజ్ గుర్తొచ్చింది. 1996 ఎండాకాలం. అప్పటికి బాలయోగి వారధి లేదు, మనుషుల్నీ సామాన్నీ ఏరు దాటించే పంటు ఒక్కటే గతి. నాన్న పీఎఫ్ డబ్బుల్తో యానాంలో ఆకుపచ్చ ఫ్రిజ్ కొన్నాం, ఇక్కడి కంటే 900 తక్కువని. పంటు మీద ఫ్రిజ్‌కి ఒక పక్క నువ్వు, ఒక పక్క నేను, వెనకాల ఎవరిదో గేదె. ఏటి మధ్యకొచ్చేసరికి ఆ గేదె తల విదిలించడం, తలుపు మీద జానెడు గీత పడటం, నాన్న కండువాతో తుడిస్తే పోతుందేమోనని తుడుస్తూనే ఉండటం. నీకు తెలియనిది ఒకటుంది. ఆ రాత్రి ఆయన పాత క్యాలెండర్ కాగితం వెనక లెక్క వేశాడు. రిక్షా 60, పంటుకి 100, మోత కూలీ 120, ఇవతలి రేవులో "బిల్లు చూపించండి, పన్ను కట్టారా" అని ఆపిన పెద్దమనిషి చేతిలో పెట్టింది 300, మనందరి పెసరట్లూ కాఫీలూ 80, గీతకి రంగు వేసినవాడికి 150. మిగిలింది 90 రూపాయలు. ఆ కాగితం మొన్న బీరువా సర్దుతుంటే దొరికింది. కింద ఎర్ర సిరాతో "అనుభవం" అని రాసి ఉంది. లాభమనో నష్టమనో రాయలేదు మహానుభావుడు.

మా నాయనమ్మ పెళ్ళి కథ నీకెప్పుడైనా చెప్పానా? ఆవిడ పెళ్ళి ఫారిన్‌లో జరిగింది. నవ్వకు. 1930 ఏప్రిల్ నుంచి శారదా చట్టం అమల్లోకొచ్చింది కదా, ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండాలని. అది బ్రిటిష్ ఇండియాకి. యానాం ఫ్రెంచివాళ్ళది. ఇంకేముంది, గోదావరి జిల్లాల్లో పెద్ద కుటుంబాలవాళ్ళు పడవలేసుకుని అక్కడికి వెళ్ళి పందిళ్ళు వేశారు. యానానికి కల్యాణపురం అనే పేరే వచ్చేసింది. 1932లో నాయనమ్మకి తొమ్మిదేళ్ళు. అర్ధరాత్రి నిద్రలో ఉండగానే పడవలోకి ఎత్తారట, తెల్లారి లేచేసరికి ఒంటికి పసుపు, ఎదురుగా ఎర్ర టోపీ పెట్టుకున్న జవాను. "ఆ టోపీవాడే పెళ్ళికొడుకేమోనని ఏడ్చానురా" అనేది. మేమంతా నవ్వేవాళ్ళం, ఆవిడా నవ్వేది. ఇప్పుడు తల్చుకుంటే నవ్వు సగంలోనే ఆగిపోతుంది. ఫ్రిజ్‌ని దాటించిన సరిహద్దు గీతే తొమ్మిదేళ్ళ పిల్లని కూడా దాటించింది. నీరు పల్లమెరుగు అంటారు కదా. ధర ఎక్కడ తక్కువైతే సరుకు అటు కదిలినట్టు, చట్టం ఎక్కడ పల్చగా ఉంటే మనిషీ అటు కదుల్తాడు, అది మంచి చట్టమైనా సరే.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య వాళ్ళు యానాంలో ఫ్రెంచి జెండా దించేశారు. కాగితాల మీద మాత్రం ఒప్పందం 1956లో, పూర్తిగా అప్పగింత 1962లో. ఆ ఒప్పందం ప్రకారం, మేం ఫ్రెంచి పౌరులుగానే ఉంటామని ఆరు నెలల్లోపు రాసిచ్చినవాళ్ళకి ఆ పౌరసత్వం ఉండిపోయింది. నువ్వు అక్కడ ఉండటానికి పర్మిట్ కాగితం కోసం పడిన పాట్లు తలుచుకుని ఇది రాస్తున్నాను. ఎప్పుడో తాతగారు పెట్టిన ఒక్క సంతకం మీద కొందరి మనవలు పారిస్ వెళ్ళిపోతారు. మన తాతలు గౌతమికి ఈ పక్క కాపురం పెట్టారు, ఏం చేస్తాం.

మందు గొడవ నీకు పూర్తిగా రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి. 1995లో ఎన్టీ రామారావు గారు మద్యనిషేధం పెట్టినప్పుడు మొదటిసారి యానాం వెలిగిపోయింది. 2019 తర్వాత మనవైపు సర్కారు కొట్లలో పేరు తెలియని సీసాలు, మండిపోయే రేట్లు వచ్చినప్పుడు రెండోసారి. పొరుగు రాష్ట్రం నుంచి మూడు సీసాలు తెచ్చుకోవచ్చా కూడదా అన్నది 2020లో హైకోర్టు దాకా వెళ్ళింది తెలుసా! 2024 అక్టోబరులో ఇక్కడ మళ్ళీ ప్రైవేటు కొట్లొచ్చి, క్వార్టరు 99 రూపాయలకే అనేసరికి వారధి మీద సాయంత్రం రద్దీ పల్చబడింది. అవతల ఒక కొట్టాయన నాకు పాత పరిచయం. "మీ సర్కారు తప్పు చేస్తేనే మాకు వ్యాపారం గురూ" అన్నాడు నిట్టూరుస్తూ. ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరు, ముఖ్యమంత్రిని చూడాలంటే పుదుచ్చేరి దాకా ఎనిమిది వందల కిలోమీటర్ల పైన ప్రయాణం, బతుకుతెరువేమో పక్కింటివాడి పొరపాట్ల మీద. పాపం అనిపించింది.

ఆ సరిహద్దు గీత నాకు నిజంగా కనపడింది 2020లోనే. మా పెద్దదాని అత్తారిల్లు యానాం కదా. లాక్‌డౌన్‌లో వారధి మీద బారికేడ్లు పెట్టేశారు. పిల్లకి ఏడో నెల. అటు నుంచి ఇటు రానివ్వరు, ఇటు నుంచి అటు పోనివ్వరు. మీ చెల్లి కొత్తావకాయ పెట్టి, జాడీకి వాసెన కట్టి, నా చేత పట్టించుకుని వారధి మీదకి వచ్చింది. అల్లుడు అవతల పక్క నిలబడ్డాడు. మధ్యలో కుర్ర పోలీసు. వాడు ముందు తల అడ్డంగా ఊపాడు. తర్వాత జాడీ వాసన చూశాడు. తన జేబులోంచి శానిటైజర్ తీసి జాడీ చుట్టూ, గుడ్డ మీదా చల్లి, తనే మోసుకెళ్ళి అల్లుడి ముందు పెట్టి వచ్చాడు. పిల్ల తర్వాత ఫోన్‌లో "నాన్నా, పైన రెండు ముక్కలు ఆస్పత్రి వాసనొచ్చాయి, మిగతాదంతా బాగుంది" అంది. ఎన్నేళ్ళుగానో అటూ ఇటూ సైకిల్ మీద తిరిగిన నాకు అది వేరే సర్కారు కిందిదని ఒంటికి తెలిసింది ఆ రోజే.

మన సుబ్బలక్ష్మి కువైట్ నుంచి వచ్చేసింది, ఈసారి తిరిగి వెళ్ళదట. పదో తరగతి పాసవని ఆడమనిషి అక్కడ ఇళ్ళల్లో పనికి వెళ్ళాలంటే ముప్పై నిండాలి కదా, అప్పట్లో ఏజెంటు ఆవిడకి కాగితం మీద మూడేళ్ళు కలిపేశాడు. "వయసు పెరగాలని ఏడ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నేనేమో వదినా" అని మీ చెల్లితో అంటుంటే విన్నాను. నైలాన్ తాడు చుట్టిన అట్టపెట్టె, దాని మీద మార్కర్‌తో ఊరి పేరు, లోపల టాంగ్ డబ్బాలు, నీడో పాలపొడి, పులి బొమ్మ దుప్పటి. ఏడాది దాటి ఉండి వస్తే ఆడవాళ్ళు 40 గ్రాముల నగలు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంతకు ఒక్క గురివింద గింజెత్తు మించకుండా తూయించుకుని వచ్చింది. మీ చెల్లెమ్మ మాంసం లెక్కా, ఈవిడ బంగారం లెక్కా పక్కపక్కన పెట్టి చూశాను. పద్ధతి ఒకటే గానీ, ఒకావిడ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేస్తుంది, ఇంకో ఆవిడ వచ్చేసరికి కొడుక్కి మీసాలొచ్చేశాయి.

రొయ్యల సంగతి అడిగావు. బావమరిది చెరువు ఈ పంటకి ఖాళీగా వదిలేశాడు. 2025 ఆగస్టులో అమెరికా వాడు 50 శాతం సుంకం అన్న వారంలోనే కొనేవాళ్ళు కౌంట్ రేటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి ఇచ్చే ధర, కోసేశారు. వాడి బాధ వాడిదైనా, నాకో తమాషా కనిపించింది. మనవాళ్ళు పెంచే వనామీ రకం తల్లి రొయ్యలు ఆ ఫ్లోరిడా, హవాయి నుంచే విమానమెక్కి వస్తాయి. చెన్నైలో వాటికి క్వారంటైన్ చేసి గానీ పిల్లల్ని పుట్టించే హేచరీలకి ఇవ్వరు. అంటే తల్లి అక్కడిది, పిల్లలు మనవి, అవి పెద్దయ్యాక పుట్టింటికి వెళ్తామంటే గుమ్మంలో సగానికి సగం కట్నం అడిగారన్నమాట. బావమరిదికి చెప్తే నవ్వలేదు. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ల కరెంటు బిల్లు చూపించాడు.

సంక్రాంతికి వస్తానన్నావు, మాట తప్పకు. చాక్లెట్లు తేవద్దు, నాకు షుగరు. ముద్ర కొట్టిన ఆ పచ్చ చీటీ ఒకటి తీసుకురా, కొట్లో లక్ష్మీదేవి పటం పక్కన పెట్టుకుంటాను. తిరిగి వెళ్ళేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులు కట్టిద్దామనుకుంటే, మన దేశం నుంచి పాలూ నెయ్యీ ఉన్నవేవీ మీ వాళ్ళు రానివ్వరట కదా. మీ చెల్లి నెయ్యి లేకుండా చుట్టిస్తానంటోంది. నెయ్యి రాయని పూతరేకు తినేకంటే నా ఉత్తరాలు నమలడం నయం. చెల్లెమ్మనడిగి ఏం చేద్దామో రాయి.

నీ
బుజ్జిగాడు