ఈస్టర్ తేదీ ముందే తెలుస్తుంది

సంపాదకుడికి,

క్రైస్తవ సమాధుల తోటల్లో ఈస్టర్ వేకువన దీపాలు లేక జనం పడ్డ అవస్థ గురించి గత వారం నగర పేజీలో రాశారు, సంతోషం. కానీ ఈస్టర్ తేదీ ఏటా మారుతుందనీ, చర్చి పెద్దలు ప్రకటించేదాకా తమకు తెలియదనీ సంబంధిత అధికారి చెప్పుకున్న సమాధానాన్ని ఎదురు ప్రశ్న లేకుండా అచ్చు వేశారు. అది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

ఈస్టర్‌ను ఏటా ఎవరూ కూర్చుని నిర్ణయించరు. క్రైస్తవులంతా ఒకే ఆదివారం ఈ పండుగ చేసుకోవాలని క్రీ.శ. 325లోనే నికేయాలో జరిగిన బిషప్పుల సభ తీర్మానించింది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారమే ఈస్టర్. పౌర్ణమి ఆదివారమే పడితే పండుగ మరుసటి ఆదివారానికి వెళుతుంది. నిరుడు చర్చి లెక్కలో పౌర్ణమి ఏప్రిల్ 13, ఆదివారం. అందుకే 20న చేసుకున్నాం. ఈసారి పౌర్ణమి గురువారం, ఏప్రిల్ 2. పండుగ 5న వచ్చింది. మార్చి 22కు ముందు గానీ, ఏప్రిల్ 25 దాటాక గానీ ఎన్నడూ రాదు. పాత జూలియన్ క్యాలెండర్ లెక్క పాటించే రష్యా, గ్రీసు సంఘాలకు మాత్రం చాలా ఏళ్లు వేరే తేదీ వస్తుంది. వందేళ్ల తర్వాతి ఈస్టర్ కూడా ఈ రోజే లెక్కగట్టి చెప్పవచ్చు. ఉగాది కూడా ఏటా ఒకే తేదీన రాదు కదా, దాని ఏర్పాట్లకు ఎవరైనా తడుముకుంటున్నారా?

ఇంకా చీకటి ఉండగానే మగ్దలేనే మరియ యేసు సమాధి దగ్గరకు వెళ్లిందని యోహాను సువార్త చెబుతోంది. అందుకే మేమూ ముందురోజే సమాధులకు సున్నం వేసి, పూలు పేర్చి, తెల్లవారకముందే వెళ్లి కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఈసారి దారిలో ముళ్లకంప అలాగే ఉంది. గేటు పక్క స్తంభానికి బల్బు లేదు. మా అత్తయ్య ఫోను వెలుతురులో ఒక్కొక్క రాతి మీద పేరు చదువుకుంటూ మామయ్య సమాధి వెతుక్కున్నారు. చీర కుచ్చిళ్లు కంపకు తగిలి చిరిగాయి.

ఇదొక్కటే అయితే ఇంత బాధపడేదాన్ని కాదు. గుడ్ ఫ్రైడే రోజున కూడళ్లలో నాయకుల నవ్వు ముఖాలతో శుభాకాంక్షల ఫ్లెక్సీలు కట్టారు. ఆ మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువపై ప్రభువు పలికిన ఏడు మాటలను ధ్యానిస్తూ ఉపవాసంతో కూర్చుంటాం. భస్మ బుధవారం మొదలు, ఆదివారాలు మినహాయించి నలభై రోజులు మాకు శ్రమల కాలం. చాలా ఇళ్లలో ఆ రోజుల్లో పెళ్లి మాట కూడా ఎత్తరు. పక్కవాడి పండుగేదో, దుఃఖమేదో అడిగి తెలుసుకునే ఓపిక అధికారులకూ లేదు, నాయకులకూ లేదు. చర్చి ఉన్న రాస్ హిల్, దర్గా కొండ, వెంకటేశ్వర కొండ పక్కపక్కనే ఉన్న విశాఖలో ఇలా జరగడం నాకు సిగ్గుగా ఉంది.

వచ్చే ఈస్టర్ 2027 మార్చి 28. భస్మ బుధవారం ఫిబ్రవరి 10. ఆలోగా కంప కొట్టించి, స్తంభానికి బల్బు పెట్టించాలి. అధికారి చెప్పింది తప్పని మీరూ ఒక సవరణ వేయండి.

— ఒక పాఠకురాలు, జ్ఞానాపురం, విశాఖపట్నం