ల్యాబ్‌లో రిపోర్ట్ విడమర్చి చెప్పిన ఆవిడకు కృతజ్ఞతలు

తమ్ముడి మెదడులో గడ్డ తీసేశారు. గ్లియోబ్లాస్టోమా అన్నారు, మెదడులో వచ్చే తీవ్రమైన క్యాన్సర్. రేడియేషన్ మొదలైంది. ఫోన్ చేసిన అందరికీ విడివిడిగా జవాబివ్వలేకపోతున్నాను. కళ్లు మూతలు పడుతున్నాయి, అయినా ఇది ఇప్పుడే రాయాలి. అమ్మా నాన్నా, మరదలు, మా ఆయన గురించి వేరే చెప్పక్కర్లేదు, వాళ్లుండబట్టే నిలబడ్డాం.

జన్యు పరీక్షల ల్యాబ్‌లో పనిచేసే ఒకావిడ గురించి చెప్పాలి. పేరు రాయొద్దన్నారు. రిపోర్ట్‌లో ‘ఎంజీఎంటీ మిథైలేటెడ్’ అని ఉంది. అది మంచో చెడో తెలియక మెట్ల మీద ఏడుస్తుంటే, డ్యూటీ దిగి వెళ్లిపోతున్న మనిషి ఆగి పక్కన కూర్చున్నారు. “భయపడకండి అక్కా, ఇది కాస్త అనుకూలమైన మాటే” అని, కవరు వెనక బొమ్మ గీసి చెప్పారు. టెమోజోలోమైడ్ అనే కీమో మందు గడ్డ కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. ఎంజీఎంటీ జన్యువు తయారుచేసే ప్రొటీన్ ఆ దెబ్బను బాగుచేసేస్తుంది. మిథైలేటెడ్ అంటే తమ్ముడి గడ్డలో ఆ జన్యువు అణిగిపోయి ఉందని, కాబట్టి మందు పనిచేసే అవకాశం ఎక్కువ.

మళ్లీ రాదు కదా అనడిగాను. గడ్డలో కణాలన్నీ ఒకటి కావట. మూలకణాల్లాంటివి కొన్ని ఉంటాయి, గరిక వేరులాగా. 2004లో టొరంటో శాస్త్రవేత్తలు అలాంటివి ఓ వంద ఎలుక మెదడులో పెడితే గడ్డ పెరిగింది, మిగతా రకం లక్ష పెట్టినా పెరగలేదు. సాక్స్‌2 లాంటి జన్యువులు వాటిని ఆ స్థితిలోనే నిలబెడతాయి, ఆ కణాలు రేడియేషన్‌కీ తేలిగ్గా లొంగవు. అందుకే స్కాన్లు మానొద్దన్నారు, డాక్టరుగారిని ఏం అడగాలో రాసిచ్చారు.

రాత్రి ఫోన్ చేశారు. “ఇందాక తేల్చి చెప్పలేదు అక్కా, అది అవకాశమే, హామీ కాదు.” మాకు ఏమీ కాని మనిషి ఇంటికెళ్లాక కూడా మా రిపోర్ట్ గురించే ఆలోచించారు. ఆపరేషన్ రోజు కూడా అంత ఏడవలేదు నేను.

ఈ జన్యువుకీ మందుకీ ఉన్న సంబంధం 2005లోనే తేలింది. ఆపరేషన్ చేసిన చోట మాత్రం ఇలాంటి పరీక్ష ఉందని ఒక్కరూ చెప్పలేదు. మేమే అడిగితే, గడ్డ ముక్క ఉన్న బ్లాక్ ఇవ్వడానికి ఈ కౌంటర్‌కీ ఆ కౌంటర్‌కీ తిప్పారు. రిపోర్ట్ అర్థం కావాలంటే మెట్ల మీద ఎవరో ఒకరు దొరకాలా?

అయ్యో, రక్తమిచ్చిన కుర్రాళ్లను మర్చిపోయాను. ఐసీయూ బయట తన కుర్చీ ఇచ్చిన సెక్యూరిటీ ఆయన, చివరికి బ్లాక్ ఇప్పించిన క్లర్కు గారు, తమ్ముడి ఆఫీసువాళ్లు కూడా. ఫిజియోథెరపీ మేడమ్! ఇంకెవరినైనా వదిలేస్తే ఏమీ అనుకోకండి, గుర్తురాగానే చేరుస్తాను.