వార్షిక నివేదిక: నానో ప్రపంచం, జనం ప్రశ్నలు

గౌరవనీయ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారం.

ఈ సంవత్సరం నానోటెక్నాలజీని మన ప్రధాన అంశంగా తీసుకోవాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. 2023లో, పరిమాణాన్ని బట్టి రంగు మారే అతి చిన్న అర్ధవాహక స్ఫటికాలైన క్వాంటమ్ డాట్స్‌కు రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. అదే ఏడాది వైద్య నోబెల్, కణాలకు ప్రోటీన్ తయారీ సూచనలు అందించే ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలకు పునాది వేసిన కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌లకు దక్కింది. ఆ టీకాల్లో ఎంఆర్‌ఎన్‌ఏను చెడిపోకుండా జీవకణంలోకి చేర్చేది సుమారు 100 నానోమీటర్ల (నానోమీటరంటే మీటరులో వందకోట్లో వంతు) కొవ్వు రేణువే. ఇంత జరుగుతున్నా మామూలు మనిషికి ‘నానో’ అనే మాట ఎదురయ్యేది ఎక్కువగా ప్రకటనల్లోనే. ఏది నమ్మాలో, దేనికి జాగ్రత్తపడాలో విడమరిచి చెప్పే నాథుడు లేడు. ఆ పని మనలాంటి సంఘాలు చేయాల్సిందేనని కార్యవర్గం గట్టిగా నమ్మింది.

అందుకే ఈసారి ఏ కార్యక్రమంలోనూ ఉపన్యాసంతో మొదలుపెట్టలేదు. వచ్చినవారికి చీటీలు ఇచ్చి, తెలుసుకోవాలనుకున్నది రాయమన్నాం. పేరు రాయనక్కర్లేదన్నాం. చదివి చూస్తే, ఎలా పనిచేస్తుందని అడిగినవారికంటే ఒంట్లోకి పోతే ఏమవుతుంది, ఎవరు తనిఖీ చేస్తారు, వాడి పారేశాక నీళ్లలో కలుస్తుందా అని అడిగినవారే ఎక్కువ. వక్తలు ఆ చీటీలు ముందు పెట్టుకునే మాట్లాడారు. విజ్ఞానాన్ని జనంలోకి తీసుకెళ్లడమంటే వాళ్ల భయాలను పక్కకు నెట్టడం కాదని, వాటికి మర్యాద ఇచ్చి జవాబు వెతకడమని కార్యవర్గం అభిప్రాయం.

ప్రయోగాల్లో అందరినీ కట్టిపడేసింది ఎర్ర బంగారం. రసాయన శాస్త్రం బోధించే మన సభ్యురాలొకరు బంగారు లవణ ద్రావణాన్ని అందరి ముందూ మరిగించి సోడియం సిట్రేట్ కలిపారు. లేత పసుపు రంగు పోయింది, కాసేపటికి ద్రావణం నల్లబడింది, చూస్తుండగానే ముదురు ఎరుపుకు తిరిగింది. అందులో ఉన్నది బంగారమే, కాకపోతే నానోమీటర్లలో కొలిచే రేణువులుగా ఉంది. పక్కనే ఉన్న ఉప్పునీళ్ల గ్లాసులోంచి లేజర్ వెలుగు జాడ లేకుండా దాటిపోయింది, బంగారం గ్లాసులో మాత్రం రేణువులు కాంతిని చెదరగొట్టడంతో గీత గీసినట్టు కనిపించింది. తర్వాత అందులో చిటికెడు ఉప్పు వేయగానే ఎరుపు కాస్తా నీలమైంది. రేణువులు గుంపు కట్టేసరికి వాటిలోని ఎలక్ట్రాన్లు కాంతికి స్పందించే తీరు మారిపోయింది. మైకేల్ ఫారడే 1857లోనే ఈ రంగుకు కారణం బంగారం అతి సన్నని రేణువులుగా ఉండటమేనని గ్రహించాడు. నిమిషాల్లో ఫలితం చెప్పే పరీక్ష కిట్లలో చాలావాటిలో కనిపించే ఎర్ర గీత ఈ బంగారు రేణువులదేనని చెప్పినప్పుడు హాల్లో ఒక్కసారిగా గుసగుసలు మొదలయ్యాయి. అంతవరకూ నానో అంటే ఎక్కడో ప్రయోగశాలల్లో ఉండేదనే చాలామంది అనుకున్నారు.

పరిమాణం తగ్గితే గుణం ఎందుకు మారుతుందన్న ప్రశ్నకు పిల్లలే కాగితం మీద లెక్క కట్టారు. ఒక సెంటీమీటరు ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే ఒక నానోమీటరు ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 6,000 చదరపు మీటర్లు అవుతుంది. సున్నాల దగ్గర కాస్త తికమకపడ్డా, ఎవరి సాయం లేకుండానే జవాబు రాబట్టారు. ఘనపదార్థాల్లో రసాయన చర్యలు ఎక్కువగా జరిగేది ఉపరితలం మీదే కాబట్టి ఉత్ప్రేరకాల నుంచి బ్యాటరీల దాకా దీనికి అంత ప్రాధాన్యం.

భద్రతపై పెట్టిన చర్చ అనుకున్న సమయం దాటినా ఎవరూ లేవలేదు. కొవ్వు రేణువులను శరీరం విడగొట్టేసుకుంటుంది. గట్టి లోహ రేణువుల్లో సుమారు 5, 6 నానోమీటర్ల లోపువి మూత్రపిండాల ద్వారా బయటికి పోగలవు, పెద్దవి ఎక్కువగా కాలేయంలో, ప్లీహంలో చేరతాయి. కార్బన్ నానోట్యూబుల్లో (కార్బన్‌తో ఏర్పడే అతి సన్నని గొట్టాలు) పొడవుగా, బిరుసుగా ఉండేవి ఆస్‌బెస్టాస్ పోగుల్లా వాపు కలిగిస్తాయని 2008లో ఎలుకలపై జరిగిన పరిశోధన చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2014లో ఒక రకం నానోట్యూబులను మనుషుల్లో క్యాన్సర్‌కు కారణం కావచ్చన్న జాబితాలో పెట్టింది, మిగతా రకాల గురించి తేల్చడానికి ఆధారాలు చాలవంది. టైటానియం డయాక్సైడ్‌ది ఇంకో కథ. తెల్లరంగు కోసం దాన్ని ఆహారంలో కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2022లో నిషేధించింది, సన్‌స్క్రీన్‌లో మాత్రం అనుమతిస్తోంది, కానీ ఊపిరితిత్తుల్లోకి పోయే స్ప్రేలకు ఆ అనుమతి లేదు. పదార్థం ఒకటే అయినా లోపలికి వెళ్లే దారిని బట్టి నిర్ణయం మారుతోంది. నానో మంచిదా చెడ్డదా అని గంపగుత్తగా అడిగితే జవాబు రాదు. ఏ పదార్థం, ఎంత పరిమాణం, ఏ దారిన వెళ్తుంది, చివరికి ఎక్కడ తేలుతుంది అని అడగడం ఎంతమందికి అలవాటైతే అంత మంచిది.

వ్యక్తిగతంగా నాకు ఎంతో తృప్తినిచ్చింది మూసిన పెట్టె ఆట. భౌతిక శాస్త్రవేత్తలు గెర్డ్ బినిగ్, హైన్రిచ్ రోరర్ 1981లో సన్నని సూదిమొనతో పరమాణువులను చూపే సూక్ష్మదర్శినిని రూపొందించారు, 1986లో నోబెల్ అందుకున్నారు. ఆ తర్వాత వచ్చిన అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ ఉపరితలాన్ని దాదాపు తడిమి చూస్తుంది. అదే పద్ధతిలో, పెట్టె మూతకున్న రంధ్రాల్లోంచి పుల్ల దించి, ఎంత లోతుకు దిగిందో కొలిచి, లోపలి ఆకారం చెప్పాలి. చూపు లేని సభ్యులు అందరికన్నా ముందు, అందరికన్నా కచ్చితంగా చెప్పారు. ఇకపై ప్రతి కార్యక్రమంలోనూ చేత్తో తడిమి తెలుసుకునే నమూనా ఒకటైనా ఉండాలని కార్యవర్గం తీర్మానించింది.

‘3 నానోమీటర్ల చిప్’ అన్నప్పుడు అందులో ఏ భాగమూ కచ్చితంగా 3 నానోమీటర్లు ఉండనక్కర్లేదని, అది తయారీ తరానికి పెట్టుకున్న పేరని చెప్పిన చిన్న ప్రసంగం బాగా చర్చకు వచ్చింది. 2025 రసాయన నోబెల్ సుసుము కితగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాఘీలకు ప్రకటించాక, వారి పరిశోధనాంశమైన లోహ–సేంద్రియ చట్రాలపై (లోహ అయాన్లను సేంద్రియ అణువులతో కలిపి కట్టిన స్ఫటికాలు) ప్రత్యేకంగా కలుసుకున్నాం. వాటి సూక్ష్మ రంధ్రాలు పొడిగాలిలోంచి నీటిని పట్టగలవన్న విషయం దగ్గరే ఎక్కువసేపు ఆగాం.

జమాఖర్చుల పట్టికను విడిగా జతచేశాం, ఆడిట్ పూర్తయింది. సభ్యత్వ రుసుము మారలేదు.

వచ్చే ఏడాదికి నానోప్లాస్టిక్‌లను (నానోమీటర్లలో కొలిచే ప్లాస్టిక్ ముక్కలను) ప్రధాన అంశంగా ప్రతిపాదిస్తున్నాం. చీటీల్లో పదేపదే వచ్చిన ప్రశ్న అదే. జవాబు దొరకని చీటీలన్నీ భద్రపరిచాం, వాటిని విషయాలవారీగా విడదీయడానికి కొందరు కావాలి. ఆసక్తి ఉన్నవారు సర్వసభ్య సమావేశంలోపు పేరు ఇవ్వవలసిందిగా కోరుతున్నాం.

కార్యదర్శి
కార్యవర్గం తరఫున