కొనే ముందే అడగండి: ఈ వాచీ మూత ఎవరు తెరుస్తారు?

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో ఖరీదైన మెకానికల్ చేతి గడియారాల గురించి వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి, చరిత్ర చెప్పిన తీరూ బాగుంది. అయితే వ్యాసమంతా వాచీని బీరువాలో దాచుకునే ఆస్తిగానే చూపింది. కొన్నాక దాన్ని ఎలా చూసుకోవాలో ఒక్క వాక్యమైనా అందులో లేదు. ఇరవై ఏళ్లకు పైగా ఒకే మెకానికల్ వాచీని రోజూ పెట్టుకుంటున్నవాడిగా, దాని విషయంలో కొన్ని పొరపాట్లు చేసి వాటి ఫలితం అనుభవించినవాడిగా, ఆ వదిలేసిన సగం గురించి తోటి పాఠకులతో చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇలాంటి వాచీ కొనాలనుకునేవారు డయలు మీద ఎవరి పేరుందో చూసే ముందు, కొన్నేళ్ల తరువాత దాని వెనుక మూత ఎవరు తెరుస్తారు, విడిభాగాలు దొరుకుతాయా, బాగుచేసి ఇవ్వడానికి ఎన్ని వారాలు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అన్నవి అడిగి తెలుసుకోవాలి. వీటికి సూటిగా జవాబు దొరకని చోట ఎంత పేరున్న వాచీనైనా కొనకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఎందుకంటే అది క్షణం ఆగకుండా పనిచేసే యంత్రం. చుట్టుకున్న మెయిన్‌స్ప్రింగు విప్పుకుంటూ ఇచ్చే బలం పళ్ల చక్రాల మీదుగా ఎస్కేప్‌మెంటుకు చేరుతుంది. ఎస్కేప్‌మెంటు ఆ బలాన్ని కొద్దికొద్దిగా వదులుతూ బ్యాలెన్స్ చక్రాన్ని అటూ ఇటూ ఊపుతుంటే, వెంట్రుకంత సన్నని హెయిర్‌స్ప్రింగు దాన్ని ప్రతిసారీ వెనక్కి లాగుతుంటుంది. 1675లో క్రిస్టియాన్ హైగెన్స్ ఈ సన్నని చుట్టను గడియారానికి పరిచయం చేసిన నాటి నుంచి నేటి వరకు మూలసూత్రం అదే. ఇప్పటి వాచీల్లో చాలావరకు గంటకు 28,800 సార్లు, అంటే సెకనుకు ఎనిమిది సార్లు టిక్కుమంటాయి. రోజుకు లెక్కవేస్తే 6,91,200. ఏడాదికి పాతిక కోట్ల పైమాటే. ఈ రాపిడికి ఓర్చుకోవడానికే చక్రాల ఇరుసుల కొనలను కృత్రిమ కెంపు రాళ్లలో కూర్చోబెడతారు, ఒక్కో రాయి దగ్గర సూదిమొన మీద నిలిచేంత నూనె పెడతారు. ఆ నూనె ఏళ్లు గడిచేకొద్దీ చిక్కబడుతుంది, ఆరిపోతుంది, ఉండవలసిన చోటు విడిచి పక్కకు పాకిపోతుంది. వాచీ మాత్రం ఆగదు. చాలామంది భ్రమపడేది ఇక్కడే. "బాగానే నడుస్తోంది కదా, ఇప్పుడెందుకు విప్పించడం" అనుకుంటారు. నూనె లేని ఇరుసు అరుగుతూ కూడా నడుస్తుంది. అరిగి రాలిన లోహపు పొడి మిగిలిన నూనెతో కలిసి ముద్దగా మారి, పక్కనున్న భాగాలను కూడా అరగదీస్తుంది. నూనె మారిస్తే సరిపోయేదానికి చక్రాలనే మార్చవలసి వస్తుంది. ఒమెగా ఐదు నుంచి ఎనిమిదేళ్లకొకసారి, రోలెక్స్ సుమారు పదేళ్లకొకసారి సర్వీసింగు చేయించమని చెబుతాయి. మీరు కొనే వాచీ గడువు ఎంతో అడిగి, బిల్లు వెనుకే రాసి పెట్టుకోవడం మేలు.

సమయపాలన విషయంలోనూ కొనేవారికి ముందే నిజం చెప్పాలి. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. సాధారణమైన క్వార్ట్జ్ వాచీ కూడా నెలకు కొద్ది సెకన్ల తేడాతో నడుస్తుంది. మెకానికల్ వాచీతో అది సాధ్యం కాదు. స్విట్జర్లాండులో వాచీల కచ్చితత్వాన్ని తేల్చే క్రోనోమీటరు పరీక్షలు జరిపే కాస్క్ అనే సంస్థ ఒక్కో యంత్రాన్ని 15 రోజుల పాటు ఐదు భంగిమల్లో, 8, 23, 38 డిగ్రీల ఉష్ణోగ్రతల వద్ద పరీక్షించి, సగటున రోజుకు నాలుగు సెకన్లు వెనుకబడటం నుంచి ఆరు సెకన్లు ముందుకు పోవడం దాకా తేడాను అంగీకరిస్తుంది. ఎంతో కట్టుదిట్టంగా చేసిన యంత్రానికే అంత వెసులుబాటు ఉందన్న సంగతి తెలియక, కొత్త వాచీ వారానికి అర నిమిషం ముందుకు పోయిందని దుకాణం చుట్టూ తిరిగేవారిని నేను ఎరుగుదును. పడుకునే ముందు వాచీని డయలు పైకి పెట్టి ఒక వారం, నిలువుగా ఆనించి ఒక వారం గమనించండి. భంగిమను బట్టి నడక మారుతుంది కాబట్టి, పగలు పోగుచేసుకున్న తేడాను రాత్రిపూట కొంతవరకు సరిచేసుకోవచ్చు. నేను ఏళ్ల తరబడి చేస్తున్నది ఇదే.

ఇక నాకు జరిగినది చెబుతాను. కొన్న ఆరో ఏట నా వాచీ ఉన్నట్టుండి రోజుకు ఎనిమిది, పది నిమిషాలు ముందుకు పోవడం మొదలుపెట్టింది. దగ్గరలోని ఒక దుకాణానికి తీసుకువెళితే, లోపల అంతా అరిగిపోయిందనీ పూర్తిగా విప్పి బాగుచేయాలనీ చెప్పారు. సరేనన్నాను. మూడు వారాల తరువాత వాచీ తళతళలాడుతూ తిరిగి వచ్చింది. ఆ తళతళ చూసి మొదట సంతోషించాను గానీ, వెలుతురులో పెట్టి చూస్తే గుండె చివుక్కుమంది. బెల్టు తగిలించే కొమ్ముల అంచులు కొత్తలో కత్తి అంచులా తిన్నగా ఉండేవి. అవి అరగదీసిన సబ్బుముక్కలా గుండ్రంగా మారిపోయాయి. నన్ను మాటమాత్రంగానైనా అడగకుండా పాలిష్ పట్టారు. పాలిష్ అంటే గీతలను చెరపడం కాదు, ఆ గీత లోతు వరకు చుట్టూ ఉన్న ఉక్కును తీసేయడం. పోయిన లోహం మళ్లీ రాదు.

పోనీ జబ్బు నయమైందా అంటే, నెల తిరగకుండానే వాచీ మళ్లీ పరుగు అందుకుంది. ఈసారి ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఆయన మూత తెరవలేదు. సొరుగులోంచి చిన్న దిక్సూచి తీసి బల్ల మీద పెట్టి, నా వాచీని నెమ్మదిగా దాని పక్కకు జరిపారు. ముల్లు గిర్రున పక్కకు తిరిగింది. "బాబూ, దీనికి అయస్కాంతం పట్టింది. రాత్రిపూట ఎక్కడ పెడతారు?" అని అడిగారు. అయస్కాంతంతో మూసుకునే ట్యాబ్లెట్ అట్ట మీద పెడతానని చెప్పాను. హెయిర్‌స్ప్రింగుకు అయస్కాంతం పడితే దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయనీ, స్ప్రింగు పొడవు తగ్గినట్టయి చక్రం వేగంగా ఊగుతుందనీ ఆయన వివరించారు. అయస్కాంత శక్తిని తొలగించే చిన్న పెట్టె మీద వాచీని ఉంచి, మీట నొక్కి, మెల్లగా పైకి లేపారు. పట్టుమని పది సెకన్ల పని. దిక్సూచి ముల్లు మరి కదలలేదు. ఆ రాత్రి నుంచి వాచీని ట్యాబ్లెట్‌కు, ఫోన్ స్పీకరుకు, అయస్కాంతపు బిళ్ల ఉన్న సంచులకు దూరంగా చెక్కపెట్టెలో పెడుతున్నాను. సిలికాన్ హెయిర్‌స్ప్రింగు ఉన్న కొత్తరకం వాచీలకు ఈ బెడద చాలావరకు లేదు. కొనేటప్పుడు ఈ ఒక్క విషయం అడిగినా లాభమే.

నీటి సంగతి ఇంకా ఎక్కువమందిని ముంచుతోంది. డయలు మీద 30 మీటర్లు అని రాసి ఉంటే అంత లోతుకు దిగవచ్చునని అనుకోవడం సహజం. అది కదలని నీటి ఒత్తిడిని లెక్కగట్టి చెప్పే అంకె. చెయ్యి కడుక్కున్నప్పుడు పడే చిందులకు, వానకు సరిపోతుందని మాత్రమే దాని అర్థం. ఈతకు 100 మీటర్ల వాచీ ఉండాలి. నీటి అడుగున పనిచేసేవారి వాచీలకు ఐఎస్ఓ 6425 అని వేరే ప్రమాణం ఉంది. పైగా నీటిని ఆపేది ఉక్కు డబ్బా కాదు, మూతకూ, టైము తిప్పే పక్కబుడిపె అయిన క్రౌనుకూ, అద్దానికీ మధ్యనుండే సన్నని రబ్బరు గాస్కెట్లు. అవి ఏళ్లు గడిస్తే గట్టిపడి పెళుసెక్కుతాయి. వేడినీటి ఆవిరి వాటికి మరీ చెరుపు, అందుకని నిన్నటి దాకా నీటికి ఓర్చుకున్న వాచీ రేపు కూడా ఓర్చుకుంటుందని నమ్మకూడదు. 1927లో మెర్సిడెస్ గ్లైట్జ్ అనే యువతి ఇంగ్లిష్ చానెల్ నీళ్లలో గంటల తరబడి ఈదినప్పుడు ఆమె మెడలో వేలాడిన రోలెక్స్ ఆయిస్టర్ చెడకుండా నడిచిన కథ మీ వ్యాసంలోనూ వచ్చింది. ఆ వాచీని కాపాడినది స్క్రూలా తిప్పి బిగించే క్రౌను. అంత గట్టి ఏర్పాటు ఉన్నా, టైము సరిచేసుకుని క్రౌనును తిరిగి బిగించడం మరిచిపోతే అది తెరిచిన తలుపుతో సమానం. అద్దం లోపల ఆవిరి కమ్మితే ఎండలో పెట్టి ఆరబెట్టాలని చూడకండి. అదే రోజు బాగుచేసేవారి దగ్గరకు తీసుకువెళ్లండి. ఒక్క వారం ఆలస్యం చేసినా ఉక్కు ముక్కలకు తుప్పు అందుకుంటుంది. సముద్రపు నీరు తగిలితే అదే పూట మంచినీటితో కడగాలి.

తేదీ చూపే గడి ఉన్న వాచీల్లో రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజాము మూడుకూ మధ్య వేగంగా తేదీ తిప్పకూడదు. ఆ వేళకు తేదీని మార్చే పళ్లు ఒకదానిలో ఒకటి దిగి ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. ముందు ముళ్లను ఆరు గంటల దగ్గరకు తెచ్చుకుని ఆ తరువాత తేదీ మార్చుకుంటే ఏ భయమూ లేదు. చేత్తో కీ ఇచ్చే వాచీ అయితే వేలికి అడ్డు తగలగానే ఆపేయాలి. తోలు బెల్టును చెమట పట్టిన రోజున విప్పి గాలికి ఆరనివ్వాలి.

కొనడం గురించి మరో రెండు మాటలు. మొదటిసారి కొనేవారు మూడు ముళ్లు, తేదీ ఉన్న సాదా వాచీతో మొదలుపెట్టడం మంచిది. స్టాప్‌వాచీ ఉన్న క్రోనోగ్రాఫులో భాగాలు ఎక్కువ, అందుకే సర్వీసింగు ఖర్చూ ఎక్కువ. నెలల పొడవునూ లీపు సంవత్సరాన్నీ తనంతట తానే లెక్కగట్టే పర్పెచువల్ క్యాలెండరు అద్భుతమైన పనితనమే. నాలుగేళ్ల లెక్కకు వచ్చినా 2100 లీపు సంవత్సరం కాదు, ఆగకుండా నడిస్తే అప్పటిదాకా తేదీ దిద్దవలసిన అవసరం రాదు. కానీ అది ఆగిపోతే దాన్ని విప్పగల చేతులు ఎన్నో లేవు. కంపెనీ సొంతంగా తయారుచేసుకున్న యంత్రమే గొప్పదని, ఈటీఏ 2824, సెలిటా ఎస్‌డబ్ల్యూ200 వంటి బయటి కంపెనీల యంత్రాలు ఉన్నవి తక్కువవని మీ వ్యాసం అన్న మాటతో నేను ఏకీభవించలేను. అవి దశాబ్దాలుగా లక్షల వాచీల్లో నడుస్తున్నవి, విడిభాగాలు సులువుగా దొరికేవి, పని తెలిసిన ఏ మెకానిక్కైనా విప్పి బిగించగలిగేవి. రోజూ పెట్టుకునేవారికి అంతకన్నా భరోసా ఏముంటుంది? సెకండ్ హ్యాండ్ వాచీ అయితే సీరియల్ నంబరు కాగితాలతో సరిపోలుతోందో లేదో చూడటమే కాక, మూత తెరిపించి, వాచీ నడకను కొలిచే టైమ్‌గ్రాఫరు మీద పెట్టించి బ్యాలెన్స్ చక్రం ఎంత ఊగుతోందో చూపించమని అడగండి. పూర్తిగా కీ ఇచ్చి పడుకోబెట్టిన ఆరోగ్యవంతమైన వాచీలో ఆ ఊపు సాధారణంగా 270 డిగ్రీలకు పైన ఉంటుంది. అది బాగా తగ్గితే నూనె ఆరిందనే అనుమానించాలి. మూత తెరవడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే వెనుదిరిగి రండి.

పెట్టుబడి మాట వస్తే, 2017లో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ సొంత రోలెక్స్ డేటోనా వాచీ వేలంలో కోటీ డెబ్భై ఏడు లక్షల డాలర్లకు పైగా పలికిందని వ్యాసం ఉదహరించింది. నిజమే. కానీ ఆ ధర కేవలం ఆ మోడలును చూసి వచ్చినది కాదు. ఆ నటుడు ఏళ్లపాటు చేతికి పెట్టుకుని తిరిగిన వాచీ అది, వెనుక మూత మీద ఆయన భార్య చెక్కించి ఇచ్చిన మాటలు ఉన్న వాచీ. దాన్ని చూసి కొత్త వాచీలన్నీ అలా పెరుగుతాయని నమ్మించడం పాఠకులకు అన్యాయం. ఎక్కువ వాచీలు దుకాణం గడప దాటగానే విలువ కోల్పోతాయి. 2022 తొలి నెలల్లో ఆకాశానికి ఎగసిన సెకండ్ హ్యాండ్ ధరలు ఆ తరువాత ఎలా దిగివచ్చాయో అప్పు చేసి కొన్నవారికి బాగా తెలుసు.

ఇకమీదట మీరు ఇలాంటి వ్యాసం వేసినప్పుడు ప్రతి వాచీ బొమ్మ కింద ధరతో పాటు మరో రెండు వివరాలు కూడా అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను: ఎన్నేళ్లకు సర్వీసింగు చేయించాలి, దానికి కంపెనీ వసూలు చేసేది ఎంత. వాచీని బాగుచేయడానికి ఇచ్చేటప్పుడు రసీదు మీద "పాలిష్ చేయవద్దు" అని రాయించుకోమని కూడా మీ పాఠకులకు చెప్పండి. ఆ రెండు మాటలు రాయించుకోవాలని ఆనాడు నాకు ఎవరూ చెప్పలేదు.

భవదీయుడు,
మీ పాఠకుడు